మెరికల తరగతిలో మామూలు పిల్ల

ఆ రోజు సెలూన్ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఒక గడ్డం గీసి, కూతురి బడికి వెళ్లి, "మా పిల్లకి వద్దు" అని ఒక్క మాట చెప్పి, రెండో గడ్డానికల్లా తిరిగొచ్చేయాలి.

వద్దన్నది మెరికల తరగతిని. సర్కారు బడిలో కొత్తగా పెట్టారు. ఆరో తరగతిలో పరీక్ష పెట్టి పదిమందిని ఏరితే, అందులో ఆయన కూతురు ఉంది. అంతవరకూ సంతోషమే. కానీ బడికున్న ఒకే ఒక్క లెక్కల మాస్టారిని ఆ పదిమందికే అప్పగించి, మిగతావాళ్లకు డ్రిల్లు మాస్టారు లెక్కలు చెబుతారన్నారు. దాంతో ఆయనకు ఒళ్లు మండింది. కూతురైతే పక్క బెంచీ స్నేహితురాలిని వదిలి కదలనని భీష్మించుకుంది.

మొదటి గడ్డం బీమా ఏజెంటుది. ఏజెంటు కొడుకు ఆ పరీక్షలో గట్టెక్కలేదు. ఒక చెంప అయ్యేసరికి, బడికి వెళుతున్న పెద్ద టీచరమ్మ స్కూటరు అద్దంలో కనిపించింది. ఇప్పుడు పట్టుకోకపోతే ఆవిడ మీటింగంటూ మాయమైపోతుంది. సెలూన్ ఆయన కత్తి కింద పెట్టి, సీటు సంగతి తేల్చుకొస్తాను కూర్చోండని చెప్పి వీధిన పడ్డాడు.

ఏజెంటు కూర్చునే రకమా? సెలూన్ ఆయనకు లోపల పలుకుబడి ఉందనీ, సీట్లు పెంచుతున్నారనీ తేల్చేసుకుని, మెడలో గుడ్డతో, చెంప మీద నురగతో వెంటపడ్డాడు. దారిలో అడిగిన ప్రతివాళ్లకూ ఎవరికీ చెప్పొద్దని చెప్పాడు. గేటు చేరేసరికి తరగతిలోని పిల్లల తల్లిదండ్రులంతా వెనకే ఉన్నారు.

పెద్ద టీచరమ్మ గదిలో సెలూన్ ఆయన గొంతు పెంచాడు. "తెలివైన పిల్లలు ఎలాగూ నేర్చుకుంటారమ్మా. మాస్టారు కావలసింది రానివాళ్లకి. మా పిల్లని తీసెయ్యండి, ఆయన్ని మాత్రం తియ్యకండి."

గుమ్మం బయటికి మాటలు అందలేదు, అరుపు అందింది. తనవాళ్లకే సీట్లు కొట్టేస్తున్నాడని జనం లోపలికి తోసుకొచ్చారు. మా వాడు మెరికంటే మా పిల్ల మెరికని బల్ల గుద్దారు. పెద్ద టీచరమ్మ తల పట్టుకుని, అందరూ మెరికలేనని ప్రకటించింది. అంతమంది పట్టే గది వేరే లేదు కాబట్టి, మెరికల తరగతి అన్న కొత్త బోర్డు తెచ్చి పాత గదికే తగిలించారు.

అప్పుడావిడ సెలూన్ ఆయన వైపు తిరిగింది. "వద్దన్నది మీరొక్కరే. మీ అమ్మాయి మామూలు తరగతి. పక్క గదిలో, డ్రిల్లు మాస్టారి దగ్గర."

ఆయన ఎవరి కోసం పోట్లాడాడో ఆ పిల్లే ఒంటరిదైంది. మెరికల తరగతికి సరేనని ఒక్క మాట అనెయ్యమని ఏజెంటు బతిమాలాడు. గొడవ విని గుమ్మం దాకా వచ్చిన కూతురు అడ్డుపడింది.

"నేను మెరికనని ఒప్పుకోను. నా బెంచీ మీంచి లేవనూ లేవను."

"విన్నారుగా," అన్నాడు తండ్రి. "చేతనైతే లేపండి."

ఆ పిల్లను లేపడం ఎవరి వల్లా కాలేదు. మామూలు పిల్ల అదే బెంచీ మీద, మెరికల మధ్య కూర్చుని చదువుతోంది.

లెక్క అర్థం కాని మెరికలను మాస్టారు ఆ పిల్ల దగ్గరికే పంపుతున్నారు.