పన్నెండో ముక్క

ఆ బుధవారం పొద్దున బసవయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, నరసరావుపేట బజారుకు వెళ్ళి, మనవరాలి బొంతకు నూలు గుడ్డ కొని, పదకొండింటికల్లా ఇంటికొచ్చి మజ్జిగ తాగడం. అంతే. ఆదివారం పాపను ఉయ్యాల్లో వేస్తున్నారు. బొంత కుట్టేది వెనక వీధి ఖైరున్నీసా. శుక్రవారం లోపల గుడ్డ చేతికందకపోతే తనవల్ల కాదని ఆమె ముందే చెప్పేసింది.

"గుడ్డ నేను తెస్తా" అన్నాడు బసవయ్య.

భార్య కుసుమ చేతిలోని కాఫీ గ్లాసు సగంలో ఆగింది. "నువ్వా? గుడ్డా?"

ఆమె అనుమానంలో న్యాయం లేకపోలేదు. రెండేళ్ళ కిందట కొత్తల్లుడు వెంకట్ మాచర్ల నుంచి మొదటిసారి వచ్చినప్పుడు బసవయ్య ముచ్చటపడి ఒక ఎర్ర దుప్పటి కొన్నాడు. అసలే మే నెల, ఆపైన కరెంటు లేదు. తెల్లారి లేచేసరికి అల్లుడు బనీనుతో సహా గులాబీ రంగులోకి మారిపోయాడు. మూడు రోజులు ఎంత రుద్దినా మెడ దగ్గర రంగు దిగలేదు. వియ్యపురాలు హైమావతి ఈనాటికీ బంధువుల్లో ఆయన్ని "గులాబీ దుప్పటి అన్నయ్యగారు" అనే అంటుంది. నలభై ఏళ్ళు జిన్నింగ్ మిల్లులో పత్తి నాణ్యత చూసి రిటైరైన మనిషికి అంతకన్నా తలవంపు ఏముంటుంది? అన్నం సహించేది కాదు పాపం. ఆ పేరు చెరుపుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం ఈ బొంత.

"ఈసారి రంగు పోయిందనుకో, ఇంక జన్మలో బట్టల కొట్టు గడప తొక్కను."

"ఆ మాట మీదుండు" అంది కుసుమ.

బసవయ్య అటక మీంచి మిల్లు నాటి తోలుసంచి దించాడు. అందులో భూతద్దం, అగ్గిపెట్టె, నీళ్ళ సీసా, ప్లాస్టిక్ కవర్లు సర్దుకున్నాడు. మల్లెపువ్వులాంటి తెల్ల చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటి కొట్టు మౌలాలీది. పచ్చ గుడ్డ మీద మామిడి పిందెలున్న థాను బసవయ్యకు నచ్చింది. భూతద్దంతో నేత చూశాడు. రుమాలు తడిపి గుడ్డను గట్టిగా రుద్దాడు. అంచు నుంచి దారం పీకి అగ్గిపుల్లతో అంటించి వాసన చూశాడు. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు, ముద్దకట్టి పూసలా గట్టిపడితే పాలిస్టరు. ఇది బూడిదైంది. అయినా ఒక్క పరీక్షతో నమ్మే మనిషి కాదాయన. జానెడు ముక్క కత్తిరించమని, కవర్లో వేసి, పైన కొట్టు పేరూ తేదీ రాశాడు.

"ఇక్కడొక సంతకం పెట్టు నాయనా."

మిల్లులో అమ్మేవాడి సంతకం లేని శాంపిల్ శాంపిలే కాదు. ఆ అలవాటు చేతికి అలా ఉండిపోయింది. మౌలాలీ మాత్రం చేతిలోని కత్తెర కింద పెట్టేసి, సంతకం గీకి, లేచి నిలబడ్డాడు. పల్నాడులో విత్తనాల కొట్టో పురుగుమందుల కొట్టో దగ్గరగా చూసినవాడెవడికైనా ఈ తంతు తెలుసు. నకిలీ సరుకు పట్టుకోవడానికి వచ్చిన అధికారి బేరమాడడు. శాంపిల్ తీస్తాడు, కవర్లో వేస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు. మౌలాలీ బావమరిది పురుగుమందుల కొట్టు అలాంటి కవరు దెబ్బకే ఆర్నెల్లు మూతపడింది.

"సార్... మీది ఏ డిపార్టుమెంటు సార్?"

"నలభై ఏళ్ళు పత్తి డిపార్టుమెంటే" అన్నాడు బసవయ్య గర్వంగా.

"మరి రిజల్టు?"

"రేపు చెప్తా. ఇది ఉతికి ఆరేసి చూడాల గదా."

ముక్కకు డబ్బులివ్వబోతే మౌలాలీ రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ బసవయ్య పక్క కొట్టుకు నడిచాడు. అక్కడ ఆయన కూర్చోకముందే కూల్‌డ్రింకు వచ్చింది. మూడో కొట్టులో ఫ్యాను ఆయన వైపు తిప్పారు. నాలుగో కొట్టాయన, అడక్కముందే సంతకం పెట్టడానికి పెన్ను మూత తీసి నిలబడ్డాడు. నాణ్యత విలువ జనానికి ఇన్నాళ్ళకు తెలిసొచ్చిందని బసవయ్య పొంగిపోయాడు. బట్టల వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో తన ఫొటో, దాని కింద "తోలుసంచి, భూతద్దం, అగ్గిపెట్టె. జాగర్త" అన్న మాటలు తిరుగుతున్నాయని ఆయనకేం తెలుసు? సాయంత్రానికి పద్నాలుగు ముక్కలతో ఇంటికి చేరాడు. మజ్జిగ పులిసిపోయింది.

గురువారం పొద్దునకు ఫలితాలు తేలాయి. మూడు ముక్కలు రుమాలుకే రంగు పూశాయి కాబట్టి అవి తప్పాయి. పదకొండు నెగ్గాయి. అన్నిట్లోకీ మౌలాలీ పచ్చగుడ్డ ఫస్టు. బసవయ్య సంబరంగా కొట్టుకెళ్ళాడు.

"ఆ పచ్చగుడ్డ ఆరు మీటర్లు కొట్టు."

"ఆ గుడ్డా? మా కాడ అట్టాంటిది లేదు సార్" అన్నాడు మౌలాలీ, గోడకేసి చూస్తూ.

"నిన్న నీ చేత్తోనే కోశావు గదయ్యా!"

"నిన్న ఉండింది సార్. ఇయ్యాళ లేదు."

పక్క కొట్లో అరలన్నీ బోసిపోయి తువ్వాళ్ళు మాత్రం మిగిలాయి. ఇంకో కొట్లో ఆయన్ని చూడగానే షట్టరు సగం దిగింది. ఉక్రోషంతో బసవయ్య బస్సెక్కి వినుకొండ పోయాడు. అక్కడ పదకొండున్నరకే "భోజన విరామం" బోర్డు వేలాడుతోంది. లోపల ఎవరో తుమ్మడం మాత్రం వినపడింది.

"రెండూళ్ళ బట్టల కొట్లు మూయించావు గానీ బారెడు గుడ్డ తేలేకపోయావు!" అని కుసుమ నెత్తి కొట్టుకుంది. ఆ రాత్రి బసవయ్య నోట్లోకి ముద్ద దిగలేదు. ఆదివారం ఉత్తచేతులతో హైమావతి ముందు ఎలా నిలబడాలి?

శుక్రవారం పొద్దున గుడ్డ కోసం ఖైరున్నీసా వచ్చింది. ఆమె వెనకే ఇల్లు వాకబు చేసుకుంటూ మౌలాలీ, చేతిలో పండ్ల సంచితో.

"అమ్మా, సార్ ఉన్నారా? రిపోర్టు పైకి పంపకముందే ఒక్క మాట చెప్పుకుందామని..."

"రిపోర్టేంది నాయనా?" అంది కుసుమ. "మనవరాలి బొంతకు గుడ్డ తెమ్మంటే రెండ్రోజుల్నించి మిద్దె మీద ముక్కలారేస్తన్నాడీయన."

మౌలాలీ మెట్టు మీద కూలబడ్డాడు. "ఐతే మీరు ఆఫీసరు కాదా?"

"నేనెప్పుడు చెప్పానయ్యా అట్టా?" అన్నాడు బసవయ్య తెల్లబోయి.

"ఓరి నాయనో! ఆ పచ్చ థాను నిన్ననే వెనక్కి పంపించేశా గదా బాబాయ్!"

ముందుగా నవ్వింది ఖైరున్నీసా. ఆపైన మౌలాలీ కూడా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. బసవయ్య ఒక్కడే నవ్వలేదు. ఆదివారం గండం అలాగే ఉంది. ఖైరున్నీసా ఆయన వెంట మిద్దె ఎక్కి, తీగ మీది ముక్కల్ని ఒక్కొక్కటే వేళ్ళతో నలిపి చూసింది.

"థాను పోతే పోయిందన్నా. మా అమ్మ ముక్కల బొంతలే కుట్టేది. వరసకి మూడు, నాలుగు వరసలు. పన్నెండైతే చాలు."

"నెగ్గినయి పదకొండే ఉండయ్యమ్మా."

"పన్నెండోది కొట్టుది వద్దులే. పసిబిడ్డ బొంతలో పెద్దోళ్ళు వాడిన గుడ్డ ఒక్క ముక్కన్నా పడాల. తాతవి, నీదే ఏదన్నా ఇయ్యి."

ఆ మాటకు బసవయ్య గుండె కరిగిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు తీశాడు. తీసినదాన్ని అలాగే ఆమె చేతిలో పెట్టేశాడు. దాని నిండా పచ్చా, ఎరుపూ, ఊదా చారలు.

"అబ్బ, చానా బాగుందే! ఎక్కడ కొన్నావన్నా?" అని ఆమె మురిసిపోయింది. అడుగున వేసేందుకు మౌలాలీ అప్పటికప్పుడు తెల్లగుడ్డ తెప్పించాడు. దాన్ని రుద్ది, కాల్చి, వాసన చూసిన తర్వాతే బసవయ్య ఆమెకిచ్చాడు. లోపలి దూది సంగతి చెప్పనక్కర్లేదు, గంటసేపు పీకి చూశాడు.

ఆదివారం హైమావతి వస్తూనే బొంత చేతిలోకి తీసుకుంది. వేలు తడి చేసుకుని పచ్చముక్క రుద్దింది. ఎర్రపూలది రుద్దింది. మరో రెండు రుద్దింది. వేలు వెలుగులో పెట్టి చూసుకుంది. చుక్క రంగు లేదు.

"అన్నయ్యగారూ, ఇన్నాళ్ళకు గుడ్డంటే ఏందో తెలిసింది మీకు. ఇంక ఆ దుప్పటి మాట ఎత్తను" అంది నిండు పేరంటంలో.

బసవయ్యకు రెండేళ్ళ బరువు దిగిపోయింది. కుసుమ వైపు చూశాడు. ఆమె కూడా ఒప్పుకున్నట్టు తలూపింది. వెంకట్ కొత్త తెల్ల పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. కూతురు నీలిమ పాపను బొంతతో సహా అతని ఒళ్ళో పెట్టింది. పంతులుగారు పేరు చెవిలో చెప్పమన్నారు. వెంకట్ వంగాడు. పాప తన పరీక్ష తాను చేసేసింది.

అల్లుడు లేచి నిలబడేసరికి పంచె ముందు భాగమంతా పచ్చా, ఎరుపూ, ఊదా. హైమావతి బొంతను తిరగేసి, ముక్కలన్నీ వరసగా రుద్దుకుంటూ పోయి, పన్నెండో ముక్క దగ్గర ఆగింది.

బొంత మొత్తంలో బసవయ్య పరీక్ష చేయని గుడ్డ అదొక్కటే.