నెత్తిన రాసుకున్న తీర్థం

శివుడికి ముక్కు ఉందా, లేదా? ఇది సదాశివగారు ఏళ్ల తరబడి మోస్తున్న సందేహం. కళ్లు మూడని చిన్నప్పుడే విన్నారు. నెత్తిన గంగ, మెడలో పాము, అన్నీ తెలుసు. ముక్కు సంగతే ఎవరూ చెప్పలేదు. పురోహితుణ్ణి అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, సంభావన తీసుకుని వెళ్లిపోయారు.

సందేహం ఊరికే పుట్టలేదు. రాంగోపాల్‌పేట్‌లో వారి పెరటి బోరు నీళ్లు, అప్పుడే డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన కోటులా వాసన వేస్తాయి. రోజూ వాటితోనే శివలింగానికి అభిషేకం. గోడ అవతల ఒకప్పుడు పావురం డ్రైక్లీనర్స్ ఉండేది. పట్టుచీరల మరకలను మందుతో వదలగొట్టి, వాడేసిన మందును వెనక గుంతలో పోసి, మరకలన్నీ భూమికి అప్పగించి, యజమాని గౌరవంగా విశ్రాంతి తీసుకున్నాడు. దుకాణం మూతపడింది. గుంత మాత్రం పని మానలేదు.

"పప్పుల సుత కోటు వాసనే వస్తున్నది" అనేది భార్య అనసూయమ్మ.

"దేవుడే ఊకున్నడు. నీకేం తక్లీఫే?"

"ఆయన విషం తాగి అలవాటున్నోడు. నాకు లేదు."

ఒక శివరాత్రి పొద్దున, పక్కింటి మార్త టీచరమ్మ గోడ మీదుగా ఆ వాసన పీల్చి, బిందెడు నల్లా నీళ్లు అందించింది. "ఇవి పోయండి సదాశివగారూ. మీ దేవుడైనా మా దేవుడైనా ఈ కంపు ఎందుకు భరించాలండీ?"

"రేపు మా బోరు నీళ్లు నింపి వాపసిస్త, టీచరమ్మా."

"వద్దండి బాబూ! మీ బోరు నీళ్లు తాగేలా అయ్యాక ఇవ్వండి. అందాకా అప్పే."

మర్నాడు సదాశివగారు ఖాళీ బిందె తిరిగి ఇచ్చారు. పక్కింటి గిన్నెను ఏనాడూ ఖాళీగా పంపని వంశం వారిది. ఆనాటి నుంచి ఆయనకు నిద్ర సరిగా పట్టలేదు. ఈ ఋణం తీరకుండా కన్ను మూస్తే వచ్చే జన్మలో ఆమె ఇంట్లో నల్లాగా పుట్టాల్సి వస్తుందని భయం. అదీ జంటనగరాల్లో నల్లాగా! నీళ్లెప్పుడొస్తాయో నల్లాకే తెలియదు.

కనుక అర్జీ పెట్టుకున్నారు. సంబంధిత శాఖ వెంటనే, అంటే రెండేళ్లకు, జవాబిచ్చింది. డ్రైక్లీనింగ్ అనేది నీరు వాడని పని. నీరు వాడని పనివల్ల నీరు చెడే అవకాశం లేదు. ఆ వాసన అర్జీదారు వెలిగించే అగరుబత్తులది కావచ్చు. ఇకపై తగ్గించుకోగలరు.

సదాశివగారు అగరుబత్తులు తగ్గించారు. వాసన పెరిగింది. మళ్లీ అర్జీ పెడితే వాసన నిర్ధారణ సంఘం వచ్చింది. నిష్పాక్షికత కోసం, జలుబుతో ఉన్న సభ్యుణ్ణే అధ్యక్షుణ్ణి చేశారు. మిగతా సభ్యులు బోరు దగ్గర తల తిరిగి పడిపోగా, తనకు ఏ వాసనా తగలలేదని అధ్యక్షులవారు ప్రకటించారు. అయినా పడిపోయినవారి పట్ల సానుభూతితో ప్రభుత్వం శుద్ధి పథకం మంజూరు చేసింది.

పథకం దివ్యంగా సాగింది. చెడిన మట్టిని తవ్వి, లారీల్లో బోయిగూడకు తరలించి, ఒక ఖాళీ స్థలంలో చదును చేశారు. బోయిగూడ పథకం పరిధిలో లేదు కాబట్టి అక్కడ కాలుష్యం లేదు. తర్వాత భూమిలోని ఆవిరిని యంత్రంతో పీల్చి, పొడవాటి గొట్టం ద్వారా ఆకాశానికి వదిలారు. గాలి బేగంపేట వైపు వీచిన రోజున అక్కడి ఆఫీసుల్లో అందరూ కొత్త సూట్లు వేసుకున్నట్లు గుబాళించింది. ఆఖరున నీళ్లు తోడారు. ఎంత తోడినా వాసన తగ్గకపోవడంతో, వాసన చూసే సిబ్బందిని తగ్గించారు. ఫలితం వెంటనే కనిపించింది.

జాతికి అంకితం చేసే రోజున గల్లీలో షామియానా వేశారు. పథకం డైరెక్టరు ఉదయ్ భాస్కర్ ప్రసంగించారు. "ఈ బోరు నీరు నేడు తల్లిపాలతో సమానం! రాబోయే తరాలు దీన్ని తాగి మనల్ని తలుచుకుంటాయి!" ఆ తరాలు తలుచుకునే తీరు ఊహించి అనసూయమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

సదాశివగారి కళ్లు చెమ్మగిల్లాయి. ఇక అప్పు తీరుతుంది! ఆయన శివలింగాన్ని వేదిక మీదికే తెచ్చి, బోరు నీటితో అభిషేకం చేసి, అకాల మరణాన్ని హరించే తీర్థమంటూ ఉద్ధరిణెతో పంచారు. తీర్థం కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? డైరెక్టరుగారు భక్తిగా కుడిచేయి చాచారు. తీర్థం అరచేతిలో పడింది. చేయి పైకి లేచింది. పెదవులు దాటింది. ముక్కు దాటింది. తిన్నగా బట్టతల మీదికి చేరింది. ఆ వెంటనే వేదికంతా వరసగా నెత్తి తడుపుకుంది.

"సార్, తీర్థం జెర లోపలికి తీసుకోవాలె గదా?" అన్నారు సదాశివగారు మెల్లగా.

"ఇంత పవిత్రమైనది నెత్తిన పెట్టుకోవాలండీ!" అని డైరెక్టరుగారు వేదిక పక్కనున్న క్యాన్ నీళ్లు రెండు గ్లాసులు తాగారు.

సభ ముగిసింది. మూత తీయని క్యాన్ ఒకటి మిగిలింది. సదాశివగారు దాన్ని భుజాన వేసుకుని టీచరమ్మ గుమ్మం ఎక్కారు.

"బోరు నీళ్లేనా?"

"కాదు టీచరమ్మా. పథకం నీళ్లు. సార్లు లోపలికి తీసుకున్నయి ఇవే."

మార్తమ్మ నవ్వుతూ పాత బిందె తెచ్చింది. క్యాన్ మూత తీసి నింపారు. ఇద్దరూ ఒక్కసారే ముక్కు ఎగబీల్చారు.

"మా ఆయన పెళ్లి సూటు గుర్తొస్తోందండీ" అంది మార్తమ్మ.

సదాశివగారు క్యాన్ తిప్పి చూశారు. చీటీ మీద నింపిన చోటు బోయిగూడ అని ఉంది. మట్టి లారీలు వెళ్లిన వీధే.

ఇది చదువుతూ మీ వంటింటి క్యాన్ వైపు చూడకండి. మూతకు సీలు ఉంటుంది. సీలు ఉన్నచోట వాసన చూడటం మర్యాద కాదని మనమంతా ఏనాడో ఒప్పుకున్నాం. శివుడి ముక్కు గురించి సదాశివగారు మళ్లీ ఎవరినీ అడగలేదు.

మార్తమ్మ బిందెలో వేళ్లు ముంచింది. సభంతా గోడ మీదుగా చూసిన మనిషి కదా, డైరెక్టరుగారంత భక్తిగా తడి నెత్తిన రాసుకుంది.

"చెల్లుకు చెల్లండీ సదాశివగారూ" అంది. "మీ అప్పు తీరిపోయింది."