ఎనిమిది శాతం ఆదా చేసిన మహానుభావుడిని నేనే

మీ ఫోన్ స్క్రీన్‌ను పైకి తోస్తుంటే అక్షరాలు తోకలు వేసుకుని పాకుతున్నాయా? మనుషులు కదిలిన చోట పొగలాంటి మరక మిగులుతోందా? దయచేసి తిట్టకండి. మీరు అదృష్టవంతులు! ఆ తోకలు తగిలించిన మహానుభావుడిని నేనే.

నేను డిస్‌ప్లే డ్రైవర్ చిప్‌లు డిజైన్ చేస్తాను. స్క్రీన్ వెనక దాక్కుని, ఏ చుక్క ఎంత వెలగాలో చెప్పే చిప్ అన్నమాట. స్క్రీన్‌లో రెండు వేల పైచిలుకు వరుసలుంటాయి. ఒక్కో వరుసకు దొరికేది ఏడు మైక్రోసెకన్లు. ఆలోగా ఆ వరుసలో ఉన్న చుక్కలన్నిటినీ నింపి పక్క వరుసకు పరుగెత్తాలి. కుళాయి కింద బకెట్లు పెట్టినట్టే అనుకోండి. కుళాయి బాగా తిప్పితే బకెట్ నిండుతుంది, బ్యాటరీ ఎండుతుంది. తక్కువ తిప్పితే బ్యాటరీ మిగులుతుంది, బకెట్ వెలితి పడుతుంది. అలా నిండని చుక్కలో పాత బొమ్మ కాస్త అంటుకుని ఉండిపోతుంది. మీరు చూసే తోక అదే.

పదిహేనేళ్ల అనుభవాన్నంతా కూడగట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ కుళాయిని ఓ మలుపు కట్టేయడం.

దాంతో లోకానికి ఎంత మేలు జరిగిందో చూడండి! కోపంలో ఎవరికో ఘాటైన మెసేజ్ కొడతారు. పైకీ కిందికీ తోసి సరిచూసుకుందామంటే మీ తిట్లు మీకే సరిగ్గా కనిపించవు. అక్షరాలు కుదురుకునేసరికి కోపం కూడా కుదురుకుంటుంది. ఎన్ని కాపురాలు నిలిచాయో ఎవరు లెక్కపెట్టారు? ఆటలో బంతి ఒకటే అయినా మీకు నాలుగు కనబడతాయి. పెట్టిన డబ్బుకు ఇంతకన్నా గిట్టుబాటు ఉంటుందా? బంధువుల పెళ్లి ఫొటోలు వేగంగా తోసేస్తుంటే అందరూ ఒకే రంగులో, ఒకే ఒడ్డూ పొడుగుతో కనిపిస్తారు. సమానత్వం అంటే ఇదే కదా!

మా ఆవిడకు మాత్రం ఈ సిద్ధాంతం రుచించలేదు. "మీకూ మీ చిప్పుకూ తేడా ఏముంది? మూడుసార్లు పిలిస్తే గానీ పలకరు" అంది. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టాను. పవర్ ఆదా ఇంటి నుంచే మొదలవ్వాలి మరి.

ఆదా ఎంతో తేల్చడానికి మా ల్యాబ్‌లో ఓ పద్ధతుంది. స్క్రీన్ మీద చిలక ఫొటో పెట్టి కరెంటు కొలుస్తాం. మా ముందువాళ్లు అదే చిలకతో కొలిచారు, మేమూ దాంతోనే కొలుస్తున్నాం. దానికి ఈకకో రంగు ఉంది గానీ ఒక్క ఈకా కదలదు. కదలని చిలక ముందు ఏ సర్క్యూటైనా బుద్ధిమంతుడే! ఎనిమిది శాతం పవర్ మిగిలిందని తేలింది. మేనేజర్ నా చేతికో షీల్డ్ ఇచ్చి, భుజం తట్టి ఫొటో దిగాడు. ఆ ఫొటోలో నేనూ చిలకలాగే కదలకుండా ఉన్నాను.

ఆ సంతోషంలో నా చిప్ పెట్టిన ఫోన్లు రెండు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి మా అక్కకు.

మా అక్కకు పుట్టుకతోనే వినబడదు. తను చేతులతో మాట్లాడుతుంది. నేను నోటితో మాటలు నేర్వకముందే అక్క దగ్గర చేతులతో మాట్లాడటం నేర్చాను. తనకు టైలరింగ్ షాపుంది. నడుము కొలత నిజం చెప్పని పెద్దమనిషి, నిరుటి చొక్కాలోకి దూరాలని ఊపిరి బిగబట్టిన లావుపాటాయన, వాళ్లిద్దరూ ఒకే అద్దం ముందు తోసుకోవడం... ఇవన్నీ అక్క పది వేళ్లతో చేసి చూపిస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. మా ఇంట్లో అంత వేగంగా మాట్లాడేవాళ్లు, అంతగా నవ్వించేవాళ్లు ఇంకొకరు లేరు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఆ నవ్వు కోసమే వారమంతా ఎదురు చూసేవాణ్ణి.

కొత్త ఫోన్లు వచ్చాక అక్క పది వేళ్లు పాతికయ్యాయి. ఒక్కో వేలికీ ఓ తోక! కథలో ఎవరు ఎవరిని తోశారో తెలియక గంగిరెద్దులా తల ఊపుతూ కూర్చున్నాను. తప్పు నా చిప్‌దని ఒప్పుకుంటే షీల్డ్ ఏమైపోవాలి? నెట్ బాలేదని చెప్పాను.

నాలుగు వారాల తర్వాత అక్క మాట మారింది. చంటిపిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పేది. "తిన్నావా? బాగున్నావా? సరే. ఉంటా." గంట సాగే కాల్ పది నిమిషాలకు దిగింది. చూశారా, మాటల్లో కూడా ఎంత పొదుపు! కాల్ అయ్యాక బ్యాటరీ చూసుకుని మురిసిపోయాను కూడా. ఇంతకన్నా సిగ్గులేనితనం ఉంటుందా అని మీరడగొచ్చు. వెతికితే నా దగ్గరే ఇంకా దొరుకుతుంది.

మొన్న ప్యాంటు పొడవు తగ్గించుకుందామని షాపుకు వెళ్లాను. నన్నింకా చూడని అక్క, కాజాలు కుట్టే స్నేహితురాలికి ఏదో కథ చెబుతోంది. మెడలో టేపు ఎగిరెగిరి పడుతోంది, చేతులు గాల్లో నలుగురు మనుషుల్ని పరుగెత్తిస్తున్నాయి. ఆవిడ నవ్వలేక కుర్చీ పట్టుకుంది. తలుపు దగ్గర నిలబడి నేనూ నవ్వాను. కళ్లు తడిసేదాకా నవ్వాను.

"మరి నాతో ఇలా మాట్లాడవేంటక్కా?" అని చేతులతో అడిగాను.

అక్క నన్ను జాలిగా చూసింది. "ఫోన్లో నీకు అందట్లేదు కదరా. నవ్వాల్సిన చోట తలూపుతావు, తలూపాల్సిన చోట నవ్వుతావు. నెట్ అంటూ దాటేస్తున్నావు గానీ వయసొస్తోంది, చూపు తగ్గిందేమో, అడిగితే నొచ్చుకుంటావని నేనే నెమ్మది చేశాను. అలా ఒక్కో మాటకీ చెయ్యి గాల్లో ఆపుతుంటే భుజం సాయంత్రం దాకా లాగేస్తోంది. అందుకే తొందరగా పెట్టేస్తున్నా" అని, "కళ్ల డాక్టరుకి చూపించుకో" అని కూడా చెప్పింది.

తప్పు కళ్లది కాదక్కా అని చెప్పడానికి చేతులెత్తాను. ఆ చేతులతోనే ప్యాంటు ఇచ్చి వచ్చేశాను.

సోమవారం ఆఫీసులో రివ్యూ. ఇదే సెట్టింగ్‌ను కొత్త మోడళ్లన్నిటికీ ఖాయం చేసే రోజు. నేను చిలకను తీసేసి, అక్క షాపులో కథ చెబుతున్న వీడియో పెట్టించాను. ఆ వీడియో కోసం తనకు నిజం చెప్పక తప్పలేదు. అక్క నన్ను ఏమందో పత్రికలో రాయలేను. చేతులతో తిట్టినా తిట్టు తిట్టే.

మేనేజర్ స్క్రీన్ మీదికి వంగి, "ఏంటిది, వేళ్లు కలిసిపోతున్నాయి?" అన్నాడు.

"మన ఎనిమిది శాతం సార్."

"చేతులతో మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉంటారయ్యా?" అన్నాడు.

మా ఆవిడ అన్నది నిజమే, నేను నిదానం. జవాబు కాగితం మీదే ఇద్దామని రివ్యూ ఫారం అందుకున్నాను. 'పవర్ ఎంత తగ్గింది?' అన్న చోట ఎనిమిది శాతం అని ముందే టైపు చేసి ఉంది. దాన్ని కొట్టేసి, 'ఏమీ తగ్గలేదు. చిప్ మానేసిన పని మా అక్క కుడి భుజం చేస్తోంది' అని రాసి, డిజైన్ చేసినవారు అన్న చోట నా సంతకం పెట్టాను.