చల్లటి ఇంజన్ టకటక

విమానం గాలి మీద ఎగురుతుందని అమాయకులు అనుకుంటారు. విమానం అనుమతి మీద ఎగురుతుంది. గాలి కాస్త సాయం పడుతుంది, అంతే.

ఈ సంగతి ఆ షెడ్డులో కోడలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒకప్పుడు మామగారు చూసుకున్న పాత విమానానికి ఇప్పుడు ఆవిడే మెకానిక్. దాని ముక్కు మీద సిలిండర్లు పువ్వు రేకుల్లా గుండ్రంగా అమరి ఉంటాయి. ఒక్కోదానికి గాలి పీల్చే వాల్వు ఒకటి, పొగ వదిలే వాల్వు ఒకటి. వాల్వుకూ దాన్ని తట్టే మీటకూ మధ్య సన్నటి సందు ఉండాలి. ఆ సందు పెరిగితే ఇంజన్ టకటకమంటుంది. సరిచేయడం ఒక పూట పని. కాకపోతే ఇంజన్ చల్లగా ఉండాలి.

రేపు విమానం మ్యూజియానికి వెళ్ళిపోతుంది. ఈ సాయంత్రం ఆఖరిసారి ఎగరాలి, అందులో అత్తగారు కూర్చోవాలి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ షెడ్డుకు క్యారియరు మోసిందే తప్ప ఆవిడ ఒక్కసారీ విమానం ఎక్కలేదు. నడిపేది ఆవిడ కొడుకే. ఇంజనేమో టకటకమంటోంది. అడ్డల్లా సందుల శాఖ; దాని కాగితం లేనిదే వాల్వు సందు ముట్టుకోకూడదు.

శాఖ నిబంధనలు చాలా సులువు. టకటక ఉందని శబ్దాధికారి విని రాసివ్వాలి. ఇంజన్ చల్లగా ఉందని శీతలాధికారి తాకి రాసివ్వాలి. రెండూ ఒకే గంటలో జరగాలి. (నడిచే ఇంజన్ చల్లగా ఉండదనీ, చల్లటి ఇంజన్ చప్పుడు చేయదనీ ఎవరో శాఖకు రాశారు. విషయం పరిశీలనలో ఉంది. రాసినాయన రిటైరయ్యాడు.)

"నడిపి వినిపిస్తాను సార్. అది చల్లారేసరికి మీ కాగితం చెల్లదు కదా?" అంది కోడలు.

"చెల్లదమ్మా," అన్నాడు శబ్దాధికారి ఆప్యాయంగా. "మళ్ళీ నడిపి వినిపించండి. మేమెక్కడికి పోతాం?"

"చలికాలంలో రండి. తొందరగా చల్లారుతుంది," అని శీతలాధికారి సలహా ఇచ్చాడు.

అత్తగారు క్యారియరు మూత తీసింది. "అమ్మాయ్, ఆయనకు కావలసింది టకటకేగా?"

శబ్దాధికారి పొగ పడక, తన గదిలోనే కిటికీ తెరిచి, కళ్ళు మూసుకుని వింటాడు. అత్తగారు ఇంజన్ వెనక నిలబడి గరిటెతో మూత వాయించింది. మామగారి పక్కన ఇన్నేళ్ళు విన్న చప్పుడు, చేతికి వెంటనే వచ్చేసింది.

"అమ్మా, నెమ్మది. మరీ అంత పాడవలేదు," అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా. పాడైతేనేగా కాగితం ఇచ్చేది."

"చాలా స్పష్టంగా ఉంది. ముఖ్యంగా కింది సిలిండర్లలో," అని శబ్దాధికారి ముద్ర వేశాడు. వెంటనే శీతలాధికారి వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. "ఇప్పటిదాకా నడిచిన ఇంజన్ ఇంత చల్లగా ఉండడం నా సర్వీసులో చూడలేదు," అని మెచ్చుకుని తనూ ముద్ర వేశాడు.

కోడలు వాల్వుల మీది మూతలు విప్పి పనిలో దిగింది. కొలత రేకును సందులో పెట్టి లాగితే, కొత్త జాకెట్టు చేతిలో చెయ్యి దూరినట్టు, కాస్త పట్టి పట్టి జారాలి. అన్నీ అలాగే జారాయి. మామగారుంటే భుజం తట్టేవాడు.

ఇక ఆఖరి పరీక్ష. వేడెక్కితే శీతలాధికారి కాగితం చెల్లదని ఇంజన్ స్టార్టు చేయలేదు. శబ్దాధికారి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అత్తగారు గరిటె కొంగులో దాచుకుని ఊపిరి బిగబట్టింది. ఆయన చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"ఒక్క చప్పుడు లేదమ్మా. ఇలాంటి పని ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు?"

అనుమతి చేతికొచ్చింది. అత్తగారు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. కొడుకు కాగితం పైకి చదివాడు: "విమానం ఎగరవచ్చును. అయితే పరీక్షలో వినిపించిన దానికి మించి ఇంజన్ చప్పుడు చేయరాదు."

"అంటే ఏమిట్రా?"

వాడు పెళ్ళాం వైపు చూశాడు. కోడలు కాగితం తీసుకుని మడత పెట్టింది. "స్టార్టు చేయకుండా ఎగరమంటున్నారు, అత్తయ్యా."

ఆఫీసు మూసేదాకా అత్తగారు బెల్టు తీయలేదు. ఇంటికి వెళ్తూ శీతలాధికారి ఇంజన్ మీద మరోసారి చెయ్యి వేసి చూశాడు. నిబంధనల ప్రకారం చల్లగానే ఉంది.