ప్రేమ్‌రాజ్ నలుపు తెలుపు ఫ్లెక్సీ

ఆ శనివారం పొద్దుటికి ప్రేమ్‌రాజ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. లాల్‌దర్వాజాలోని తన ఇంటి ముందు టెంటు వేయించి, గల్లీ జనాన్ని కూర్చోబెట్టి, తన ఆల్బమ్ వినిపించాలి. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడిన పాటలు; అన్నీ వెనకటి రేడియో కాలంలోలా తీయగా, నిదానంగా ఉంటాయి. గల్లీ సంగతెలా ఉన్నా, నాన్న బాబురావు ఒక్క పాటైనా పూర్తిగా వినాలని అతని ఆశ.

బాబురావు నీళ్ల డిపార్ట్‌మెంటులో రిటైరైన మనిషి. కొడుకు గిటారు ముట్టుకుంటే చాలు, చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. ఆ పొద్దున కూడా అంతే. "నీ లొల్లి నువ్వు పెట్టుకో. నేను మాదన్నపేట పోయి కూరగాయలు తెస్త" అని సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

పాటలు పాతకాలం తీరువి కదా, ఫ్లెక్సీ కూడా అలాగే ఉండాలనుకున్నాడు ప్రేమ్‌రాజ్. తన ఫోటోను నలుపు తెలుపుల్లో పెద్దగా కొట్టించి ఇంటి ముందు కట్టాడు. కింద పేరు, దాని కింద 'ఉదయం పదకొండు గంటలకు, అందరూ రాగలరు'. టెంటుహౌస్ మున్నాకు ఫోన్ చేసి, "రంగులు వద్దు భాయ్, తెల్లది వెయ్యి. పెన్‌డ్రైవ్ గడప మీద ఉంటది. మంది కూసోంగనే పాటలు పెట్టు" అన్నాడు. ఫోను ఛార్జింగులోనే మరిచి, బిస్కెట్ల కోసం స్కూటర్ మీద నయాపూల్ వెళ్లాడు. పాపం, పుట్టి పెరిగిన గల్లీ అలవాటే అతనికి గుర్తు లేదు. అక్కడ పుట్టినరోజులకూ లీడర్లకూ రంగుల ఫ్లెక్సీలు కడతారు. నలుపు తెలుపు ఫ్లెక్సీ కట్టేది పోయినవాళ్లకే.

ముందుగా చూసింది ఎదురింటి కిరాణా దుకాణం నాగమణమ్మ.

"అయ్యో! గీ పోరడు గిట్లయిండేందిరా?"

ప్రేమ్‌రాజ్ ముఖం ఎన్నడూ చూడని మున్నా తల వంచుకున్నాడు. "ఎవరో ఫోన్ చేసి తెల్ల టెంటు వెయ్యమన్నరమ్మా. శవాన్ని ఇంకా తేలేదు."

"నిన్ననే నా దుకాణంల సబ్బు కొన్నడు గదరా!"

పండుగపూట కూడా మూయని షట్టరు దించి, నాగమణమ్మ బంతిపూల దండ తెచ్చి ఫ్లెక్సీకి వేసింది. దండ చూసి గల్లీ కదిలింది. కుర్చీలు నిండాయి. చెప్పిన ప్రకారం మున్నా పాటలు పెట్టాడు.

ప్రేమ్‌రాజ్ తిరిగొచ్చేసరికి గల్లీ అంతా తన గొంతే. ఒక్కరూ మాట్లాడటం లేదు! హెల్మెట్ తీయడం కూడా మరిచి వెనక నిలబడ్డాడు. పక్కనే నాగమణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"మంచిగున్నయా పాటలు?" అడిగాడు.

"మస్తున్నయి నాయనా. వాడు గిటారు వాయిస్తే కిటికీ మూస్తుంటి. పాపం చేసిన. ఏం ఫాయిదా, పోయినంక తెలిసింది."

"ఎవరు పోయిండ్రు?"

ఆమె ఫ్లెక్సీ చూపించింది. తన ఫోటోకు దండ! ఆ వెంటనే ముందు వరుస కనిపించింది. కూరగాయల సంచీ జారిపోయి, టమాటాలు దొర్లిపోతుంటే, అప్పుడే వచ్చిన బాబురావును ఇద్దరు పట్టుకుని కుర్చీలో కూర్చోబెడుతున్నారు. అప్పుడు వస్తున్న పాట, తెల్లారకముందే సైకిల్ మీద వెళ్లి గల్లీలకు నీళ్లు విడిచే ఒక మనిషి గురించి. బాబురావు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

ప్రేమ్‌రాజ్ హెల్మెట్ విసిరేసి పరుగెత్తాడు. "బాపూ! నేను బతికే ఉన్న!"

ఎవరో కెవ్వుమన్నారు. మున్నా పాట ఆపేశాడు. బాబురావు లేచి, కొడుకు చెంప ఛెళ్లుమనిపించి, ఆ చేత్తోనే గట్టిగా హత్తుకున్నాడు.

"బతికున్నోని పాటలని తెలిస్తే దుకాణం మూసి వస్తుంటినా?" అని నాగమణమ్మ విసురుగా లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు.

"కూసోండ్రి!" బాబురావు అరిచాడు. "ఎవ్వరు కదలొద్దు. మున్నా, గా నీళ్ల పాట మొదటికెల్లి పెట్టు. సక్కగ వినలే నేను."

అందరూ కూర్చున్నారు. బిస్కెట్లు కూడా తిన్నారు.

సాయంత్రం టెంటు విప్పుతుంటే బాబురావు అన్నాడు, "వచ్చే ఆల్బమ్‌కు ఫోటో రంగుల్ల కొట్టియ్యిరా."

అంతమంది కూర్చున్న కుర్చీల వైపు చూసి ప్రేమ్‌రాజ్, ఆలోచించి చెప్తానన్నాడు.