చూడని సినిమా మీద సొంత అభిప్రాయం

సినిమా చూసి అభిప్రాయం చెప్పేవాళ్ళంటే నాకు మహా జాలి! పాపం, ఎంత వెనకబడిపోయారో!

మీరే ఆలోచించండి. టిక్కెట్టు కొని, బండి పెట్టుకోవడానికి చోటు వెతుక్కుని, ముందు సీటువాడి తలకాయ పక్కనుంచి మెడ సాచి, మూడు గంటలు కూర్చుని, బయటికొచ్చి "పర్లేదు" అంటారు. ఆ ఒక్క ముక్కకి ఇంత అవస్థా? నేను సోఫాలో కాళ్ళు చాపుకుని, విడుదలకి ముందు రోజే "పర్లేదు" అనేస్తాను. మీదీ అదే మాట, నాదీ అదే మాట. మెడనొప్పి మాత్రం మీది.

జనం సినిమా చూడకుండానే తీర్పులిచ్చేస్తున్నారని ఈ మధ్య కొందరు పెద్దమనుషులు తెగ బాధపడిపోతున్నారు. ఫోన్లో రెండు నిమిషాల ముక్క చూసి ఏడాది కష్టాన్ని కొట్టిపారేస్తున్నారట! అయ్యా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ ఏడాది కష్టపడమని వాళ్ళని మనం బతిమాలామా? రెండు నిమిషాలు ఇచ్చాం, సంతోషించక!

ఇంతకీ నేనెవరినో చెప్పలేదు కదూ? లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల సెక్షన్లో పనిచేస్తాను. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని ఫోన్ చేస్తే, ఎత్తి "కంగారుపడకండి సార్, మనిషి బయల్దేరాడు" అనేది నేనే. మనిషి బయల్దేరాడో లేదో నేను చూడను. చూడకుండా నమ్మకంగా చెప్పడం నాకు ఉద్యోగరీత్యా అబ్బిన విద్య.

మా సెక్షన్లో నలుగురం. మేనేజరు గారు, మెకానిక్కులకి పని పంచే సూపర్‌వైజరు, రిసెప్షన్ అమ్మాయి, నేను. శుక్రవారం ఉదయం టీ తాగుతూ ఆ రోజు విడుదలైన సినిమాల సంగతి తేల్చేయడం మా పద్ధతి. మొదటి ఆట ఇంకా ఇంటర్వెల్ కూడా అయ్యుండదు, మా దగ్గర తీర్పు వచ్చేసి ఉంటుంది. అభిప్రాయం లేకుండా టీ తాగడం మా సెక్షన్లో మర్యాద కాదు.

ఇందులో కష్టమేమీ లేదండీ. సినిమాలు రెండే రకాలు. పెద్దవి, చిన్నవి.

పెద్ద సినిమాలో హీరో మొదటి అరగంట నడుస్తాడు. నెమ్మదిగా నడుస్తాడు. ఎక్కడికి వెళ్తున్నాడో రెండో భాగం తీసేదాకా దర్శకుడికీ తెలీదు. మధ్యమధ్యలో ఎవర్నో కొడతాడు, వాళ్ళు గాల్లోకి లేస్తారు, కింద పడేలోపు ఒక పాట అయిపోతుంది. ఆ మోతకి పక్కవాడి మాట వినబడదు. ఇంట్లో గొడవపడి వచ్చిన మొగుడూపెళ్ళాలకి అంతకంటే ఏం కావాలి? ఇలాంటివాటికి నేను వాడే మాట: "ఫస్టాఫ్ అదిరింది, సెకండాఫ్ కొంచెం ల్యాగ్." ఇప్పటిదాకా ఒక్కరు కూడా కాదనలేదు!

చిన్న సినిమాలో కుళాయి కారుతుంది. కెమెరా కదలదు. కుళాయి కారుతూనే ఉంటుంది. మనమే లేచి వెళ్ళి కట్టేద్దామా అనుకునేసరికి ఇంటర్వెల్. వీటికి నా మాట: "చాలా సహజంగా ఉంది. నిడివి తగ్గిస్తే బాగుండేది. నాకైతే నచ్చింది, అందరికీ నచ్చదు." చివరి ముక్క ఎంత గొప్పదో గమనించారా? విన్నవాడు తను 'అందరి'లో ఒకడు కాదని నిరూపించుకోవడానికి వెంటనే "నాకూ నచ్చింది" అంటాడు. అలా ఒకరి నుంచి ఒకరికి పాకి, ఎవరూ చూడని సినిమా అందరికీ నచ్చేస్తుంది.

ఒకసారి మేం ఇలాగే ఒక సినిమా ముగింపు మీద వాదించుకుంటుంటే, లిఫ్టులో ఇరుక్కున్న పెద్దాయనొకాయన ఫోన్ చేశాడు. "ఒక్క నిమిషం సార్, క్లైమాక్సులో ఉన్నాం" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఫోన్లోనే మా వాదన అంతా విని, "హీరోయిన్ చనిపోకుండా ఉండాల్సింది బాబూ" అన్నాడు. చూశారా? చీకట్లో, రెండు అంతస్తుల మధ్య వేలాడుతున్న మనిషికి కూడా అభిప్రాయం ఉంది!

చూసి వచ్చిన వాళ్ళతోనే చిక్కు. ఆ మధ్య రిసెప్షన్ అమ్మాయి తెలివితక్కువగా ఒక సినిమా నిజంగానే చూసొచ్చి, "సార్, అందులో అసలు పోలీసే లేడు" అని నాకు అడ్డొచ్చింది. ఓపిగ్గా నచ్చజెప్పాను. "చూసినంత మాత్రాన సరిపోతుందామ్మా? అర్థం కావద్దూ?" అన్నాను. మేనేజరు గారు భళ్ళున నవ్వారు. ఆ అమ్మాయి మళ్ళీ అలాంటి పొరపాటు చేయలేదు.

ఇలా హాయిగా సాగిపోతున్న నా జీవితంలోకి మా బావమరిది ఒక సినిమా తీసి పారేశాడు.

మా ఆవిడ తమ్ముడు. నెమ్మదస్తుడు. డబ్బున్నవాళ్ళ పెళ్ళిళ్ళకి వీడియోలు తీసి కూడబెట్టుకున్నదంతా పెట్టి, చిన్న సినిమా తీశాడు. మాకెవరికీ కథ చెప్పలేదు, తెర మీదే చూడమన్నాడు. ఎన్ని తిప్పలు పడ్డాడో గానీ, ఊళ్ళో ఒక్క థియేటర్లో, అందులోనూ అన్నిటికన్నా చిన్న హాల్లో, ఒక్క ఉదయం ఆట ఇచ్చారు. అదీ వారం రోజులకే.

పోస్టర్ నాకు ఫోన్లో పంపాడు. గేటు ముందు సైకిలు పట్టుకుని ఒక మనిషి. చాలదూ? శుక్రవారం టీ దగ్గర మొదలుపెట్టాను. "మా బావమరిది సినిమా నేను ముందే చూసేశానండీ. ఏం సహజంగా తీశాడండీ! ఇంటాయన మొదట్లో సైకిలెక్కి వెళ్ళిపోతాడు. సినిమా అంతా ఇంటివాళ్ళు ఎదురుచూస్తారు. చివర్లో అదే సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ తిరిగొస్తాడు చూడండీ, ఏడుపు ఆపుకోలేకపోయాను!"

సూపర్‌వైజరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బెల్లు నేను అప్పటికప్పుడు కల్పించిందే గానీ, నాకూ కాస్త గుండె చెమ్మగిల్లింది.

అదే ముక్క చుట్టాలందరికీ ఫోన్లో పంపాను. సాయంత్రానికి మా బావమరిదికి అభినందనలే అభినందనలు! చుట్టాలు, స్నేహితులు, స్కూల్లో కలిసి చదివినవాళ్ళు. "బెల్లు సీను గుండె పిండేసిందిరా" అన్నవాళ్ళు కొందరు. "సెకండాఫ్ కొంచెం ట్రిమ్ చెయ్యి" అన్నవాళ్ళు కొందరు. మా మేనమామైతే కెమెరా పనితనం మీద పావుగంట మాట్లాడాడట.

రాత్రి వాడు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి, మెల్లిగా అన్నాడు. "బావా, ఇవాళ ఆట వేయలేదు."

"అదేంట్రా?"

"పదిమందైనా లేకపోతే వేయరట. మేం ముగ్గురమే ఉన్నాం. టిక్కెట్లన్నీ నేనే కొనేస్తానన్నాను. కుర్చీల్లో తలకాయలు కనబడాలి బాబూ అన్నాడు థియేటర్ మేనేజరు."

గమనించారా పాఠకులారా? ఆడని సినిమాకి ఇంత పేరు! ఆడి ఉంటే వచ్చేదా? ఆ మాటే అని వాణ్ణి ఓదార్చాను. వాడెందుకో ఓదారలేదు.

శనివారం అంతే. ఆదివారం అంతే. కెమెరామన్ వేరే షూటింగులో ఉన్నాడు, హీరోయిన్ తన అసలు ఉద్యోగంలో ఉంది. అభినందించిన వాళ్ళని రమ్మందామంటే ఎలా రమ్మంటాడు? వాళ్ళంతా చూసేశారాయె!

ఇక మా అత్తగారి సంగతి. కొడుకు సినిమా చూడటానికని వచ్చి మా ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున్నే తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని థియేటర్‌కి వెళ్ళడం, మధ్యాహ్నానికి వెనక్కి రావడం. నేను ఊరుకోలేక అడిగాను. "ఎలా ఉంది అత్తయ్యా, మీవాడి సినిమా?"

"చూడందే ఎలా చెప్పను నాయనా? చూశాక చెప్తాను."

ఈ కాలంలో ఇంకా ఇలాంటి మనుషులున్నారండీ! కన్నకొడుకు సినిమా బాగుందనడానికి కూడా చూడాలంటుంది. ఈ సంగతి ఆఫీసులో చెప్తే టీ కప్పులు పట్టుకుని అందరూ ఒకటే నవ్వు.

గురువారం ఆఖరి రోజు. మర్నాడు ఆ హాల్లోకి ఒక పెద్ద సినిమా దిగుతోంది. పొద్దున్న నేను ఒక లిఫ్టు ఫిర్యాదు రాసుకుంటుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, తొమ్మిది మందిమి ఉన్నాం. ఇంకొక్కరొస్తే ఆట వేస్తారట."

"తొమ్మిది మంది ఎక్కణ్ణుంచి దొరికారే?"

"అమ్మ, నేను, వీడు. పక్కింటి పిన్నిగారు, బాబాయిగారు. పక్క హాల్లో టిక్కెట్లు దొరకని కాలేజీ జంట ఒకటి. వానకి లోపలికొచ్చిన సేల్స్‌మెన్లు ఇద్దరు. బాబాయిగారు అప్పుడే నిద్రపోయారు గానీ, తలకాయ తలకాయే అన్నాడు మేనేజరు."

"నేను పనిలో ఉన్నానే."

"అమ్మ ఇవాళ పొద్దున్న ఏమీ తినలేదండీ" అని పెట్టేసింది.

మేనేజరు గారిని పర్మిషన్ అడిగాను. "ఎందుకయ్యా, చూసేశావుగా?" అన్నారు. "మళ్ళీ చూడాలనిపిస్తోంది సార్" అన్నాను. ఆయన సెక్షనంతా వినబడేలా, "చూశారా! అదీ సినిమా అంటే!" అన్నారు.

తడిసి ముద్దయి వెళ్ళి పదో కుర్చీలో కూర్చున్నాను. ఆట మొదలైంది. పక్క హాల్లో హీరో ఎవర్నో కొట్టినప్పుడల్లా మా గోడ అదురుతోంది. ఆ చప్పుళ్ళ మధ్య తెర మీద ఒకాయన సైకిలెక్కి పనికి వెళ్ళాడు.

పది నిమిషాల్లో సైకిలు తిరిగొచ్చింది. ఆయన రాలేదు. పనిలోనే గుండె ఆగిపోయిందట. ఎవరో ఆ సైకిలు నడిపించుకుంటూ తెచ్చి గేటు దగ్గర నిలబెట్టి వెళ్ళారు. పోస్టర్ మీది మనిషి ఇంటాయన కాదు, ఆ తెచ్చిన మనిషి!

ఆ తర్వాత కథంతా ఇంటావిడది. ఆ సైకిలు తొక్కడం నేర్చుకుంటుంది. గేటు దగ్గర పడుతుంది. లేచి దులుపుకుని ఎక్కుతుంది, మళ్ళీ పడుతుంది. చివరికి వెనకో పిల్ల, ముందో పిల్లాడు, స్కూలు సంచులు, ఆవిడ వంకరటింకరగా తొక్కుకుంటూ వీధి మలుపు తిరుగుతుంది. అయిపోయింది. కుళాయి ఎక్కడా కారలేదు. నిడివి తగ్గించడానికి ఏమీ లేదు.

మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. సైకిలు సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

దీపాలు వెలిగాయి. అత్తగారు కొడుకు చొక్కా పట్టుకుని, "బాగా తీశావురా. కానీ నేను గేటు దగ్గర పడింది మూడుసార్లేనా? నా మోకాళ్ళడుగు" అంది. వాడు నవ్వుతూ ఏడుస్తున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎలా ఉంది బావా?" అన్నాడు. నా దగ్గరున్న మాటలన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. వాడి భుజం మీద చెయ్యి వేశాను.

శుక్రవారం టీ దగ్గర చెప్పాను. "చిన్న సవరణండీ. ఆ సినిమాలో ఆయన తిరిగిరాడు. ఆవిడ సైకిలు నేర్చుకుంటుంది."

సూపర్‌వైజరు మొహం మాడ్చుకున్నాడు. "అదేంటండీ, బెల్లు కొట్టుకుంటూ వస్తాడుగా! మా ఇంట్లో అందరికీ చెప్పాను."

"రాడయ్యా. నిన్న చూశాను."

"మీకు సరిగ్గా అర్థమై ఉండదు" అన్నారు మేనేజరు గారు. "ఆయన రాకపోతే ఇంక ఆ కథకి అర్థమేముంది?"

"సార్, నేను కళ్ళారా చూశాను!"

రిసెప్షన్ అమ్మాయి కప్పు కింద పెట్టి, చాలా మర్యాదగా అంది. "చూసినంత మాత్రాన సరిపోతుందా సార్?"

పోనీ పదండి చూపిస్తానందామంటే ఎక్కడ చూపించను? ఆ హాల్లో అప్పటికే ఇంకో హీరో నడవడం మొదలుపెట్టాడు. అంచేత పాఠకులారా, నా అనుభవంతో చెప్తున్నాను, సినిమా చూడకండి. చూస్తే మీతో మాట్లాడేవాళ్ళుండరు.

సాయంత్రం ఇంటికెళ్ళి ఇదంతా మా ఆవిడ దగ్గర వెళ్ళగక్కాను. "ఊరంతా ఆయన తిరిగొస్తాడనే చెప్పుకుంటున్నారే! బెల్లు కొట్టుకుంటూ వస్తాడట!" మా ఆవిడ కళ్ళతో సైగ చేసింది. చూసుకోలేదు, కిటికీ దగ్గర మోకాళ్ళకి మందు రాసుకుంటూ అత్తగారు కూర్చుని ఉంది. అంతా వింది.

"తిరిగొస్తాడా?" అంది.

"ఏదో... అనుకుంటున్నారు అత్తయ్యా. వాళ్ళు చూడలేదు."

ఆవిడ మందు సీసా మూత పెట్టింది. వీధి వైపు చూసింది.

"ఆయన తిరిగొచ్చేది ఎక్కడ ఆడుతోంది నాయనా? ఒక్కసారి చూసొస్తాను."

అభిప్రాయం అడిగి ఉంటే ఎంతసేపైనా చెప్పేవాణ్ణి.