నారింజ రంగు చేప సంచి

తన ఊరు బాజెల్ చూపిస్తానని నిక్లాస్ మాటిచ్చాడంటే అవతలివాళ్లు ఈత నిక్కరు తెచ్చుకోవాల్సిందే. ఊరిని రైను నదిలోంచి చూడాలి గానీ వీధుల వెంట తిరగడమేమిటని అతని వాదన. బట్టలు నీళ్లు చొరని చేప ఆకారపు సంచిలో చుట్టి, దాన్ని పట్టుకుని ప్రవాహంలో తేలిపోతే ఊరంతా పక్కనుంచి వెళ్తుంది.

ఆ శనివారం వచ్చిన అతిథి, నిక్లాస్ కూతురు లీనాకు కాబోయే మామగారు, జూరిక్‌కు చెందిన రేటో జోలింగర్. పెళ్లి బాజెల్ పెద్ద చర్చిలోనా, జూరిక్‌లోనా అన్నది చలికాలం నుంచీ తేలలేదు. మధ్యాహ్నం కొత్త పాస్టరు హెడ్విగ్‌ను చర్చిలో కలిసి ఆ సంగతి తేల్చుకోవాలి. పాస్టరుతో ఫోనులో మాట్లాడటమే తప్ప ఎవరూ చూసింది లేదు. ఈలోగా జోలింగర్‌ను మంచి చేసుకోవాలని నిక్లాస్ ఎత్తు.

"సంచికి రిబ్బనైనా కట్టండి. అందరివీ ఆ నారింజ రంగువే కదా," అంది భార్య ట్రూడి, పొద్దున్నే కాఫీ పోస్తూ.

"రిబ్బన్లూ గుర్తులూ జూరిక్ వాళ్లకి. నా సంచి నాకు తెలీదూ?"

జోలింగర్ తన బూడిదరంగు సూటు ఇస్త్రీ నలగకుండా అదే సంచిలో నిక్లాస్ బట్టలమీద సర్దాడు. దానిమీద ఫోను పెట్టాడు.

"నీళ్లు చల్లగా ఉండవు కదా, బావగారూ?"

"గోరువెచ్చనండీ, బావగారూ!"

దిగాక జోలింగర్ పళ్లు టకటకలాడాయి. నాలుగు బారలు తేలేసరికి ఊపిరాడటం లేదన్నాడు. సరేనని ఒడ్డు మెట్లమీద కాసేపు కూర్చున్నారు. అక్కడ చేప సంచులు వరసగా ఉన్నాయి. నిక్లాస్ ధీమాగా ఒకటి అందుకుని మళ్లీ నీళ్లలోకి దిగాడు.

చర్చికి ఎదురుగట్టున తేలి సంచి విప్పారు. పసుప్పచ్చ పూల గౌను, గడ్డి టోపీ, సగం కొరికిన చీజ్ రొట్టె బయటికొచ్చాయి.

"ఇవి మా చెల్లెమ్మగారివా?"

"మా ఆవిడ ఇంత మెరిసేవి వెయ్యదండీ," అన్నాడు నిక్లాస్ నీరసంగా. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. లీనాకు నామకరణం జరిగింది ఆ చర్చిలోనే. పెళ్లీ అక్కడే చూసుకోవాలన్నది అతని ఒకే ఒక్క కోరిక.

"తడి నిక్కరుతో చర్చికి రాను. జూరిక్‌లో మాకు కొన్ని పద్ధతులున్నాయి," అని జోలింగర్ గౌను తొడుక్కున్నాడు. వెనక గుండీలు నిక్లాస్ పెట్టాడు. నది దాటించే పడవలో పడవవాడు తల తిప్పకుండానే, "అమ్మగారికి చోటివ్వండి," అన్నాడు.

అవతల చర్చి ముంగిట ట్రూడి, జోలింగర్ భార్య రెగులా ఎదురు చూస్తున్నారు. ఆలస్యమైందని రెగులా భర్తకు ఫోను చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఆయన ఇంకా నీళ్లలోనే ఉన్నట్టున్నారండీ. బట్టలు మాత్రం నా దగ్గరున్నాయి."

రెగులా ఫోను కట్టేసింది. "ఇక బాజెల్ మాటెత్తొద్దు, వదినగారూ," అంది.

"అయ్యో, కాస్త ఆగండి," అంటూ ట్రూడి ఆమె చెయ్యి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నదివైపు మెట్లెక్కి పూల గౌనులో జోలింగర్ వచ్చాడు.

"రేటో! ఎవరిదా గౌను?"

"నాదేనండీ," అందో గొంతు వెనకనుంచి. ప్యాంటు అంచులు మడిచి, బూడిదరంగు సూటులో ఒకామె నిలబడి ఉంది. "నేను హెడ్విగ్‌ని, మీ పాస్టర్ని. మీటింగుకు ముందు ఓ మునక వెయ్యడం నాకలవాటు. ఇంకొకరి సంచి తెచ్చుకున్నానని ఒడ్డెక్కాక గానీ తెలియలేదు."

నిక్లాస్ తలొంచుకున్నాడు. సంచితోపాటు ఈ సంబంధమూ నదిలో కొట్టుకుపోయిందనుకున్నాడు.

రెగులా సూటు వంక చూసింది, గౌను వంక చూసింది. మొదట పెదవి కదిలింది. తర్వాత బెంచీ పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"పెళ్లినాటి నుంచీ చూస్తున్నా, ఆ సూటు ఈయనకి ఒక్కనాడూ నప్పలేదు. ఈవిడకి భలే నప్పింది! పెళ్లి ఇక్కడే, ఈవిడ చేతుల మీదుగానే."

జోలింగర్ గౌను మడతలు సవరించుకున్నాడు. "నాదొక్క షరతు," అన్నాడు గంభీరంగా.

శుభలేఖలో అడుగున ఆ షరతు అచ్చయింది: అతిథులు తమ సంచులకు రిబ్బను కట్టుకుని రావలెను.